షక్కర్‌నగర్ గేటు మూతపడ్డాక

కోసిన చెరుకుకు ఓపిక ఉండదు. కత్తి పడిన గంట నుంచే గడలోని తీపి విరగడం మొదలవుతుంది. ఒక రోజు ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, ఇంకో రోజు గడిస్తే చక్కెర రికవరీ పడిపోతుంది. వడ్లను కుప్ప పోసి నెల రోజులు బేరమాడవచ్చు. పసుపును ఉడికించి, ఆరబెట్టి, ధర వచ్చేదాకా ఇంట్లో దాచుకోవచ్చు. చెరుకుతో ఆ పప్పులు ఉడకవు. అందుకే చక్కెర ఫ్యాక్టరీ ఎక్కడ వెలిసినా చుట్టుపక్కల ఊళ్లన్నింటినీ ఒకే గడియారానికి కట్టేస్తుంది. ఎవరి చేను ఏ రోజు కోయాలి, బండ్లు ఏ దారిన రావాలి, కాలువ నీరు ఎప్పుడు వదలాలి, రాత్రి షిఫ్టులో కూలీకి జ్వరమొస్తే ఎవరు చూడాలి అన్నవన్నీ దాని లెక్కలోకే వస్తాయి.

నిజామాబాద్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోని బోధన్‌లో ఆ గడియారం ముప్పావు శతాబ్దం నడిచింది. 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ ఒక పేట పుట్టింది. దానికి పెట్టిన పేరు షక్కర్‌నగర్, అంటే అచ్చంగా చక్కెర ఊరు. 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు అంటించి గేటు మూశారు.

ఆగిపోయింది ఉత్పత్తి ఒక్కటే అయితే కథ చిన్నది. కొలువు, ఇల్లు, బడి, దవాఖాన, రోడ్డు, రైతు అప్పు ఇవన్నీ ఒకే పొగగొట్టం నీడలో ఉన్న ఊరు అది. ఫ్యాక్టరీ పోయాక ఆ పనులు తలో ఆఫీసుకు చెదిరిపోయాయి. పట్టణం బాగోగులు బల్దియాకు, వైద్యం ఆరోగ్య శాఖకు, పంట కొనుగోలు మార్కెటింగ్, పౌరసరఫరాల శాఖలకు, ఉపాధి ఎవరి అదృష్టానికి వారికి. ఎవరి పని వాళ్లు చేస్తున్నారు. అన్నింటినీ కలిపి చూసే కన్ను ఒక్కటీ లేదు.

ఈ చిక్కు బోధన్‌ది మాత్రమే కాదు. ఇంగ్లండ్ సముద్రతీరాన బ్లాక్‌పూల్, మోర్‌కాంబ్ లాంటి పట్టణాలు ఒకప్పుడు వేసవి సెలవుల జనంతో కిటకిటలాడేవి. జనం విమానమెక్కి స్పెయిన్ తీరాలకు పోవడం మొదలయ్యాక లాడ్జీలు ఖాళీ అయ్యాయి. ఆ లాడ్జీలనే గదులుగా విడగొట్టి చవకగా అద్దెకిచ్చారు. పేదలు, జబ్బు మనుషులు, పనిలేనివారు వాటిలో చేరారు. చూస్తుండగానే ఇళ్ల సమస్య ఆరోగ్య సమస్యగా, ఆరోగ్య సమస్య ఉపాధి సమస్యగా మారింది. 2021లో ఆ దేశపు ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ తన వార్షిక నివేదిక మొత్తాన్నీ తీర పట్టణాల ఆరోగ్యానికే కేటాయించారు. అందులో ఒక మాట మన జిల్లాలకూ అతికినట్టు సరిపోతుంది. పెద్ద ప్రాంతాల సగటు లెక్కల్లో చిన్న పట్టణాల జబ్బు కనపడకుండా పోతుందని ఆయన ఎత్తిచూపారు. మోర్‌కాంబ్‌లో స్థానిక కౌన్సిళ్లు, లాంకాస్టర్ విశ్వవిద్యాలయం, ఈడెన్ ప్రాజెక్టు అనే సంస్థ కలిసి కూర్చుని ఒక ప్రణాళిక రాసుకున్నాయి. దానికి 2023 జనవరిలో ప్రభుత్వం 5 కోట్ల పౌండ్లు మంజూరు చేసింది. డబ్బు రాకముందే బల్ల చుట్టూ మనుషులు చేరి ఉన్నారన్నది అక్కడ గమనించాల్సిన సంగతి.

నిజామాబాద్ సగటు కూడా అలాంటి మాయే చేస్తుంది. పసుపు, వరి, గల్ఫ్ డబ్బు కలిసి జిల్లా లెక్కలు నిండుగానే కనిపిస్తాయి. 2011 జనాభా లెక్కల నాటికి నిజామాబాద్ నగరంలో 3.11 లక్షల మంది, బోధన్‌లో 77 వేల పైచిలుకు మంది ఉన్నారు. ఆ చిన్న పట్టణం ఒంటి వేడి పెద్ద పట్టణం థర్మామీటర్‌లో తెలియదు.

అసలు ఇక్కడికి చెరుకు వచ్చిందే ఒక పెద్ద సమన్వయంలో భాగంగా. మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. హైదరాబాద్ రాజ్య ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆ పనికి పెద్ద. సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీరందించేలా కాలువలు తవ్వారు. నీళ్లొచ్చాక ఏం పండించాలి, పండినదాన్ని ఎక్కడ అమ్మాలి అన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు వెతుక్కోవడానికి ఆ రాజ్యం దగ్గర అప్పటికే ఒక సాధనం ఉంది. పరిశ్రమలకు పెట్టుబడి పెట్టడానికి 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టారు. బోధన్ ఫ్యాక్టరీలో ఆ నిధి వాటా ఉంది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు పాయ వచ్చింది. కాలువ, రైలు, పెట్టుబడి, పంట, మిల్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరాయి. అదంతా రాచరికపు పైనుంచి కిందికి నడిచిన వ్యవహారమే, ఎవరినీ అడిగి చేసింది కాదు. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. నీటి శాఖకు తెలియకుండా పరిశ్రమల శాఖ, పరిశ్రమల శాఖకు తెలియకుండా రైల్వే పనిచేసిన దాఖలా అందులో లేదు.

తర్వాత ముడులు ఒక్కొక్కటే వదులయ్యాయి. నిజాంసాగర్‌లో పూడిక పేరుకుని నిల్వ సామర్థ్యం బాగా తగ్గింది. ఎగువన 1989 నాటికి సింగూరు పూర్తయి, మంజీరా నీళ్లలో పెద్ద వాటా హైదరాబాద్ దాహం తీర్చడానికి మళ్లింది. రాజధాని కొళాయికీ బోధన్ చెరుకుకూ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. కాలువ చివరి ఊళ్ల రైతులు బోర్ల వైపు చూశారు. గోదావరి నుంచి నీరెత్తే అలీసాగర్ ఎత్తిపోతల వచ్చి కొంత ఊపిరి పోసింది గాని, అప్పటికి చాలా కమతాలు చెరుకును వదిలేశాయి.

2002లో ప్రభుత్వం ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు అమ్మింది. బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ వైపు మంబోజిపల్లి యూనిట్లు నిజాం దక్కన్ షుగర్స్ అనే కొత్త పేరు కిందికి వెళ్లాయి. ఆ అమ్మకం మీద శాసనసభ కమిటీలు, కోర్టులు, ఎన్నికల సభలు ఏళ్ల తరబడి మాట్లాడుతూనే ఉన్నాయి. తెలంగాణ వచ్చాక 2015లో ప్రభుత్వం ఇంకో దారి చూపింది. ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుని మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘానికి అప్పగిస్తామంది. రైతులు ముందుకు రాలేదు.

ఎందుకు రాలేదన్నది కాస్త ఆగి చూడాల్సిన విషయం. మహారాష్ట్రలో సహకార చక్కెర మిల్లు అంటే గానుగ మాత్రమే కాదు. దాని వెనుక సహకార బ్యాంకు, దాని వెనుక జిల్లా రాజకీయం, మిల్లు పేరున నడిచే కాలేజీ, ఆసుపత్రి ఉంటాయి. అవన్నీ రెండు మూడు తరాలు కలిసి పెరిగాయి. ఇక్కడ నిజామాబాద్ పక్కనే సారంగాపూర్‌లో రైతుల వాటాలతో పెట్టిన సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. ఆ తుప్పు పట్టిన షెడ్డు పక్కనుంచి రోజూ వెళ్లే రైతును అప్పులతో సహా ఒక ముసలి మిల్లును నెత్తినెత్తుకోమంటే వెనకాడడా? అతనికి సహకారం మీద కోపం లేదు. తనకు తోడుగా ఇంకెవరు వాటా మోస్తారో ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ ఏడాది చివర్లోనే గేటు మూతపడింది.

చెరుకు వదిలిన మళ్లల్లో వరి వచ్చింది. మిగిలిన కొద్ది చెరుకు లారీలెక్కి కామారెడ్డి వైపు ప్రైవేటు మిల్లులకు పోతుంది. వరి నష్టమేమీ కాదు, నీళ్లు అందితే రెండు పంటలు. తేడా చేను బయట ఉంది. చెరుకు ఉన్నప్పుడు నెలల తరబడి క్రషింగ్ సీజను నడిచేది. నరికేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, ఫిట్టర్లు, గేటు ముందు చాయ్ అమ్మేవాళ్లు అందరికీ ఒక లెక్క ప్రకారం డబ్బు చేతుల్లో ఆడేది. వరికోత మిషన్ ఎకరాన్ని గంటలో ముగించి వెళ్లిపోతుంది.

అయినా వరి కొనుగోలునే గమనిస్తే, ఈ ప్రాంతానికి కలిసి పనిచేయడం రాదనే నింద నిలవదు. కోతల కాలంలో ఊరూరా కొనుగోలు కేంద్రాలు తెరుచుకుంటాయి. కొన్నింటిని ఐకేపీ మహిళా సంఘాలు నడుపుతాయి, కొన్నింటిని ప్రాథమిక సహకార సంఘాలు. తేమ 17 శాతం దాటకూడదు. గోనె సంచులు పౌరసరఫరాల సంస్థ పంపాలి, లారీలు కాంట్రాక్టరు పెట్టాలి, మిల్లరు దించుకోవాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా వడ్లు రోడ్డు మీద తడుస్తాయి. తరుగు పేరుతో మిల్లరు కోత పెడితే రైతు రోడ్డెక్కుతాడు, తహసీల్దారు పరుగెత్తుకొస్తాడు. గొడవ పడుతూనే, తిట్టుకుంటూనే అయిదారు సంస్థలు ప్రతి సీజనులో ఒకే పనిని ఒడ్డుకు చేరుస్తున్నాయి. ఆ సంస్థలకు పట్టణం ఆరోగ్యం గురించో ఉపాధి గురించో మాట్లాడుకునే సందర్భం మాత్రం రాదు, ఎందుకంటే వాటిని కూర్చోబెట్టేది వడ్ల కుప్ప ఒక్కటే.

ప్రణాళిక సంగతికొస్తే, అడగకుండా గీసిన గీత ఏం చేస్తుందో కామారెడ్డి చూపించింది. 2016 అక్టోబరు దాకా అది నిజామాబాద్ జిల్లాలో భాగమే. పట్టణ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో చుట్టుపక్కల రైతుల పొలాలను పారిశ్రామిక జోన్‌గా చూపారని 2023 జనవరిలో జనం భగ్గుమన్నారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. కలెక్టరేట్ ముట్టడి, బంద్, తర్వాత అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ప్లాన్ రద్దుకు తీర్మానం. పరిశ్రమలు కావాలని అడిగే ప్రాంతమే పారిశ్రామిక జోన్‌ను తరిమికొట్టిందంటే లోపం పరిశ్రమలో లేదు. మ్యాపు చేతికొచ్చేదాకా తన చేను రంగు మారిందని రైతుకు తెలియకపోవడంలో ఉంది. నిజామాబాద్‌కు 2005లో నగరపాలక సంస్థ, 2017లో పట్టణాభివృద్ధి సంస్థ వచ్చాయి. గీతలు గీసే అధికారం వాటికీ ఉంది కాబట్టి కామారెడ్డి పాఠం వాటికీ వర్తిస్తుంది.

నలుగురూ కలిసి కూర్చునే ఊరి బల్లల విషయంలో ఈ జిల్లాకు రాష్ట్రంలో ఒక పేరుంది, మంచీ చెడూ కలిపి. ఆర్మూర్, బాల్కొండ వైపు పల్లెల్లో వీడీసీ అంటే తెలియని పిల్లాడుండడు. గ్రామాభివృద్ధి కమిటీ అనే ఈ ఏర్పాటు పంచాయతీ చట్టంలో లేదు. కులానికి ఇద్దరో ముగ్గురో చొప్పున పెద్దలు కూర్చుంటారు, వేలాలు పెడతారు, చందాలు వేస్తారు. వచ్చిన డబ్బుతో బడి గది, నీళ్ల ట్యాంకు, గుడి, శ్మశానం దారి పూర్తవుతాయి. ఆర్మూర్ పక్కన అంకాపూర్ విత్తన శుద్ధికీ, కూరగాయల మార్కెట్‌కూ, ఇప్పుడు నాటుకోడి కూరకూ పేరు తెచ్చుకుందంటే, ఆ ఊరి ఉమ్మడి కట్టుబాటు దాని వెనుక ఉంది.

కట్టుబాటుకు ఇంకో మొహం ఉంది. మాట వినని కుటుంబంతో, ఒక్కోసారి ఒక కులం మొత్తంతో ఎవరూ మాట్లాడకూడదని, కిరాణా సామాను అమ్మకూడదని తీర్మానాలు చేసిన కమిటీలున్నాయి. సాంఘిక బహిష్కరణ మీద పోలీసు కేసులయ్యాయి, కోర్టుల దాకా వెళ్లాయి. బెల్టుషాపు వేలం డబ్బుతో మంచినీళ్ల ట్యాంకు కట్టే ఊరు తన ఆరోగ్యాన్ని ఒక చేత్తో పెంచి ఇంకో చేత్తో చెడగొట్టుకుంటోందని కూడా అనుకోవాలి. ఆ బల్ల దగ్గర ఆడవాళ్లు దాదాపుగా కనిపించరు. కల్లు, మద్యం వేలం గురించి వాళ్లను అడిగితే తీర్మానం వేరేలా ఉండేదేమో.

కరోనా కాలంలో ఈ బలమూ బలహీనతా రెండూ బయటపడ్డాయి. 2021 ఏప్రిల్‌లో వర్ని మండలం నుంచి ఒక పెళ్లికి వెళ్లినవాళ్లలో 80 మందికి పైగా వైరస్ సోకినట్టు తేలింది. పెళ్లి ఒక ఊళ్లో, జబ్బు ఇంకో ఊళ్లో, పరీక్షలు పీహెచ్‌సీలో. దానికి తోడు బోధన్ దాటితే సాలూర, అది దాటితే మహారాష్ట్ర. చుట్టరికాలకూ వ్యాపారానికీ ఆ చెక్‌పోస్టు ఎప్పుడూ అడ్డు కాలేదు. ఇక్కడ రోగాన్ని ఆపాలంటే ఆరోగ్య శాఖ ఒక్కటీ సరిపోదని, ఊరి పెద్ద మాట, ఆశా కార్యకర్త గడప తొక్కడం, రెండు రాష్ట్రాల అధికారుల ఫోను ఒకేసారి కదలాలని ఆ నెలల్లో అందరికీ తెలిసొచ్చింది.

ఆరోగ్యం, ఉపాధి ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే చోటు బీడీ. నిజామాబాద్ గల్లీల్లో, పల్లెల అరుగుల మీద వేల మంది ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. పొగాకు దుమ్ముకు దగ్గు, వంగి కూర్చోవడంతో నడుం నొప్పి, కళ్ల మంటలు. అదే చాట పిల్లల ఫీజు కడుతుంది. భర్త గల్ఫ్‌లో ఉండి డబ్బు రాని నెలల్లో పొయ్యి వెలిగిస్తుంది. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న కేంద్రం నిబంధన అమలైనప్పుడు తయారీదారులు ఎదురుతిరిగారు, పని ఆగింది. పొగ తాగేవాడి ఊపిరితిత్తుల కోసం పెట్టిన నిబంధన చుట్టేవాళ్ల కూడు మీద పడింది. నిబంధన తప్పని ఎవరూ అనలేరు. కాని ఆ ఫైలు మీద ఆరోగ్య శాఖతో పాటు కార్మిక శాఖ కూడా ముందుగా సంతకం పెట్టి, ఈ ఆడవాళ్లకు ఇంకో పని చూపి ఉంటే గొడవ అంత ముదిరేది కాదు. రాష్ట్రం బీడీ కార్మికులకు పింఛను ఇస్తోంది. అది ఊరట. కొత్త పని ఎక్కడన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

వందేళ్ల కిందట ఇదే జిల్లాలో ఒక బల్ల కుదిరింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ 1911లో నిజామాబాద్‌లో కుష్ఠు రోగులకు వైద్యం మొదలుపెట్టారు. ఊళ్లు తరిమేసిన మనుషులు నడిచి వచ్చారు, చోటు చాల్లేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ దాత డబ్బుతో ముందుకొచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. ముస్లిం రాజు ఏలుబడిలో, క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా, గౌడ దాత సొమ్ముతో, ఏ కులమో అడగకుండా రోగులకు వైద్యం. హిడ్నోకార్పస్ నూనె సూదుల పద్ధతిని ఇసబెల్ అక్కడ వాడుకలోకి తెచ్చారు. 1923లో దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఆమె 1932లో కన్నుమూశారు. రోగికి మందొక్కటే చాలదు, బతకడానికి చోటూ పనీ కావాలన్న గ్రహింపు మీద ఆ ఆవరణ నడిచింది. ఇప్పుడు ఆ మూడూ మూడు శాఖల పేర్లు.

జిల్లాకు ఈమధ్య వచ్చిన సంస్థలు చిన్నవి కావు. 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చి జిల్లా దవాఖాన బోధనాసుపత్రి అయింది. దానికి ముందే డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి బరిలో నిలిచి, ఒక్కో బూత్‌లో డజను యంత్రాలు పెట్టించి దేశం చూపు తిప్పుకున్నారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది, జూన్‌లో నిజామాబాద్‌లోనే దాని ప్రధాన కార్యాలయం తెరిచారు. వైద్య విద్యార్థులు సామాజిక వైద్యం పాఠంలో భాగంగా ఊళ్లు తిరగాల్సిందే. వాళ్లు బీడీ వాడల్లోకి వెళ్తే, విశ్వవిద్యాలయంలో ఆర్థిక శాస్త్రం చదివేవాళ్లు గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల లెక్క తీస్తే, పసుపు బోర్డు ఉడకబెట్టడం, పాలిష్, పొడి తయారీ పనుల్లో చాట పట్టిన చేతులకు చోటిస్తే, ఒకే ఊళ్లో మూడు పనులూ కలుస్తాయి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, నెలకొకసారి ఒకే గదిలో కూర్చునే అలవాటు కావాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 2024లో రాష్ట్రం 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. బతికి తిరిగొచ్చినవాడి చేతి పని ఏమిటో, ఒంట్లో ఏ జబ్బుందో రాసిపెట్టే రిజిస్టరు కూడా ఆ గదిలో ఉంటే బాగుంటుంది.

మళ్లీ బోధన్. 2024 జనవరిలో నిజాం షుగర్స్ పునరుద్ధరణకు మంత్రి దుద్దిళ్ల శ్రీధర్‌బాబు అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. బాకీలు తేల్చే ప్రయత్నం నడిచింది. బ్యాంకుల లెక్క ఎంత చిక్కుగా ఉన్నా కాగితం మీద విప్పగలిగేదే. విప్పలేని ముడి ఇంకొకటుంది. చెరుకు నాటాక కోతకు రావడానికి 10 నుంచి 12 నెలలు పడుతుంది. అంటే బాయిలర్ వెలిగించే సంవత్సరానికి ముందు సంవత్సరమే రైతు తన వరిమడిని చెరుకుతోటగా మార్చాలి. గేటు తెరుస్తారన్న నమ్మకం లేకుండా ఏ రైతూ మార్చడు. చుట్టూ తోటలు లేకుండా ఏ కంపెనీ బాయిలర్ వెలిగించదు. నిజాంసాగర్ నీటి షెడ్యూలు, విత్తనపు చెరుకు, సహకార బ్యాంకు అప్పు, నరికే ముఠాలకు ముందస్తు డబ్బు, తోటలకు దారులు, కూలీల గుడిసెల దగ్గర నీళ్లూ దవాఖానా, ఇవన్నీ మొదటి గడ నాటకముందే ఎవరో ఒకరు ఒక కాగితం మీద రాసి ఉండాలి.

ఈలోగా బోధన్ చుట్టూ ఒకప్పటి చెరుకు మళ్లల్లో యాసంగికి నారుమళ్లు సిద్ధమవుతున్నాయి. కాలువకు నీళ్లు ఏ తారీఖున వదులుతారని రైతులు అడుగుతున్నారు.